తలకట్టు లేని అక్షరాలు

ట్రంకు రోడ్డు పాత పుస్తకాల బండి మీద
ఇరవై చెప్పాడు, పదిహేనుకి తెచ్చుకున్నా:
జపాను పిల్లకాయలు దిద్దుకునే పుస్తకం.
అప్పటికే ఎవరో దిద్దారు, పెన్సిలుతో,
పక్కనే చీమలంత తెలుగులో అ, ఇ, ఉ, ఎ, ఒ.
ఆపైన క వరస, స వరస, త వరస.
ఏందబ్బా, చ కూర్చునే చోట స కూర్చుంది గానీ
నడకంతా మన ఒకటో తరగతిదే.
న, ని, ను దాకా వచ్చి
నె దగ్గర ఆపేశారు.
గడిలో సగం గీత. ఆ తర్వాత పేజీలన్నీ తెలుపు,
ఊరు రాకముందే ఎవరో బస్సు దిగిపోయినట్టు.

నెల్లూరు నె.
అక్కణ్ణించి నేను ఎక్కా.

పంటపాలెం కంపెనీలో నాది తలలు తీసే బల్ల.
తెల్లారి ఐదింటికి గ్లౌజులు, టోపీ, ముక్కుకి గుడ్డ,
ఎదురుగా ఐసు గుట్టలో వెనామీ.
బొటనవేలు ఆనించి ఒక్క మెలి,
తల ఇటు, ఒళ్లు అటు.
చేతులకి కిలోల లెక్కుంది, నోటికి లేదు,
గుడ్డ చాటున వల్లె వేసుకుంటా:
గాలం మాదిరి వంగింది షి,
విరిగిన మోచెయ్యి కు,
చుట్టుకుపోయిన రొయ్య నో.
నో అంటే వద్దనడం కాదంట, ‘యొక్క’ అంట.
ట్రే నిండా యొక్క, యొక్క, యొక్క.
ఎవరి యొక్కో మాత్రం యాడా రాసుండదు.

నలభయ్యారు అక్షరాలు, రెండు నెలలు.
ఒక్కదానికీ తలకట్టు లేదు.
రాసిన ప్రతిదాని నెత్తినా
నా చెయ్యి దానంతటదే ఒక టిక్కు పెట్టేసేది,
రాత్రి కూర్చుని రబ్బరుతో
అన్నిటి తలలూ తీసేదాన్ని.

అన్నీ వచ్చాక, ఏదో సాకు మీద ప్యాకింగు గదికి పోయి
అట్టపెట్టె ముందు నిలబడ్డా.
ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు.
గుండ్రాలన్నీ పోయి కొడవళ్లూ పుల్లలూ మిగిలాయి.
బయట్నించి వచ్చిన మాటలకి వేరే లిపంట వాళ్లకి,
టీ బంకులో మా నాయనకి వేరే గ్లాసు పెట్టినట్టు.
క్వాలిటీ చూసే జెసింత నవ్వింది:
“ఇంకో నలభయ్యారు నేర్చుకో మల్లక్కా.”

ఎరిగిన మొహం ఒక్కటే,
పూరింటి చూరు మాదిరుండే హె.
రెండు లిపుల్లోనూ దానికవే బట్టలు.
దాన్ని పట్టుకుని వేలాడా.
హె పక్కన, కాస్త ఆగమనే చిన్న గుర్తు.
భుజాన రెండు గీతలు పడి తొ కాస్తా దొ.
ఆపైన రె. ఆపైన సు.
మూడు వారాలు పట్టింది కూడబలుక్కోడానికి.
చలిగదిలో పైకి చదివితే
మాట పొగలా వచ్చింది:
హెద్-దొ-రె-సు.
హెడ్‌లెస్.
తల తీసిన రొయ్య!

అంత దూరం పోయి చదివితే
మళ్లీ నా బల్ల కాడికే వచ్చిపడ్డానే అని
జెసింతా నేనూ పడీ పడీ నవ్వాం,
సూపర్‌వైజరు కసిరిందాకా.

తర్వాత ఆ పిల్లే చెప్పింది, వాళ్లకి ల లేదని.
నెల్లూరు పోయి నెరూరవుద్దంట.
సరే, ఊరి సంగతి ఊరు చూసుకుంటుంది.
టీ విరామంలో ఒక గ్లౌజు తీసి
ఫ్రీజరు తలుపు మీది మంచుపొరలో
నా పేరు వేలితో రాసుకున్నా.
మ.
రి.

మరి?
ఎవరో అడిగేసి, జవాబుకి ఆగినట్టుంది తలుపు.
నాకేం తోచలా.
వేలు తిమ్మిరెక్కింది, ట్రాలీ చప్పుడు దగ్గరికొస్తోంది.
అలవాటు కొద్దీ మ నెత్తిన ఒక తలకట్టు పెట్టి
గ్లౌజు తొడుక్కున్నా.