కోరుట్ల ఎలెవెన్, సల్మాబాద్

మొదట్ల ఏడుగురమే.
పేరు మాత్రం కోరుట్ల ఎలెవెన్.
తక్కువైన నలుగురు: ఇద్దరు నేపాలోళ్లు, ఒక మలబారి,
ఇంకొకడు
ఆ పొద్దు ఎవడు దొరికితే వాడు.

మనామాల అంగీల మీద పేరేసినోడు
'కొరట్ల' అని గుద్దిండు.
పైసలు వాపసియ్యడట.
అదే తొడుక్కున్నం.

గోల్‌పోస్టులంటే ఆరు స్కాఫోల్డింగ్ పైపులు.
గురువారం రాత్రి సైట్ నుంచి మోసుకచ్చుడు,
శనివారం ఫోర్‌మన్ లెక్కవెట్టకముందే
విప్పి అప్పజెప్పుడు.

బుక్కు లింబాద్రి కాడుండేది.
మొదటి మ్యాచ్: తొమ్మిది - సున్న. 'ఎండ ఎక్కువ' అని రాసిండు.
రెండోది: ఆరు - సున్న. 'ఎండ తక్కువ.'
ఏడో నంబరు అంగీ ఐదుగురి ఒంటి మీద తిరిగింది;
ఒకని వీసా అయిపోయింది, ఒకని నడుము పోయింది.
దిల్‌బహదూర్ సంగతి ఆ పేజీల లేదు.
పేజీయే లేదు.

గెలిచింది ఒక్కసారి, సిత్రా టీం మీద,
లారీ లైట్ల వెలుతుర్ల.
గోల్ కొట్టింది ఎవరో
ఇప్పటికీ పంచాదే.

మొన్న ఆ జాగకు కంచె ఏసిన్రు. గోదామట.
కాంట్రాక్టు మా కంపెనీకే అచ్చింది.
పెనాల్టీ చుక్క కాడ గుంత నేనే తవ్విన.
అవే పైపులు, అదే చోటు.
శనివారం అచ్చింది.
ఎవ్వరం విప్పలే.