జ్వరం లేనోళ్ల బ్రెడ్డు

చేతిలో బేకరీ సంచి చూసి
ఎదురింటి ఖాసింబీ అడగనే అడిగింది:
"ఏం పాపా, ఎవురికి జరం?"

నిజమే.
మా కర్నూల్లో బ్రెడ్డంటే మంచం పక్కది.
పెద్దాసుపత్రిలో ఏ బెడ్డు కింద చూడు,
నీళ్ల చెంబు, చెప్పుల జత, మైనపు కాగితంలో బ్రెడ్డు.
చిన్నప్పుడు పాలలో ముంచి నోట్లో పెడితే
జరం తగ్గినా తగ్గకపోయినా
ఆ మెత్తదనానికే ఏడుపొచ్చేది.
పదకొండేండ్ల నుంచి ఆడ నర్సును నేను.
ఒంట్లో బాగున్నోళ్లు బ్రెడ్డు తినడం
చూసింది తక్కువ.

మొన్న రాత్రి మూడు గంటలప్పుడు
హౌస్ సర్జను పిల్ల ప్రణవి
సెలైను చుక్కలు లెక్కపెడుతూ, ఆకలికి తట్టుకోలేక
గుసగుసగా ఒక వంట చెప్పింది:
బ్రెడ్డుకు కడుపు కోసి, తీపి కూరి,
గుడ్డులో ముంచి కాల్చి, పైన పండ్ల సాసు...
ఏడో బెడ్డు అవ్వ కండ్లు తెరవకుండానే
"నెయ్యి ఎంత?" అంది.

ఈ పొద్దు ఆదివారం.
డ్యూటీ అప్పజెప్పి వచ్చేసరికి తొమ్మిదిన్నర.
బేతంచెర్ల బండల లోడు దించి
మద్దిలేటి వచ్చేది పదకొండుకు.
టిఫినుకు ఆలస్యం, అన్నానికి తొందర.
మా ఇద్దరి నిద్రలు ఒకదాన్నొకటి రాసుకుపోయే ఆ సందులో
తినేదానికి మా భాషలో పేరు లేదు.
పేరు లేని పూటకు ఊరు తెలియని వంట, సరే అనుకున్నా.

కోయని బ్రెడ్డు కావాలంటే
బేకరీ పిల్లోడు వింతగా చూసినాడు.
రెండు వేళ్ల మందం ముక్క.
పక్కన కత్తి మొన దించి లోపల మాత్రం తిప్పాల,
అవతలికి పొడుచుకు రాకూడదు.
కుట్లు అక్కరలేని కోత
ఇన్నేండ్లకు ఒకటి కోసినా.
కోవా, జీడిపప్పు పలుకులు, మెదిపిన అరటిపండు,
అంతే, చాలు. ఆశపడితే పగులుతుంది.

నేరేడుపండ్లు, ఆత్మకూరు బస్సులో
గంపతో దిగిన చెంచు ముసలామె దగ్గరివి.
గింజలు పిసికి తీసేసరికి వేళ్లన్నీ ఊదా,
వెనకటికి పుండ్లకు పూసే నీలిమందు రంగు.
బెల్లం, రెండు లవంగాలు, రవ్వంత ఉప్పు.
ఉప్పు లేని నేరేడును మా అమ్మ పండని ఒప్పుకోదు.
సన్నమంట మీద తుకతుకమని ఎంత ఉడికినా
వగరు పోలేదు.
పోతే అది నేరేడెట్లవుతుంది?

మొదటిది పెనం మీదే పగిలింది.
కోవా కారి, మాడి, ఇల్లంతా పాలు పొంగిన వాసన.
రెండోదానికి మంట తగ్గించి
పురిటి మంచం పక్కన నిలబడినట్టు
ఏమీ చేయకుండా నిలబడినా.
ఏమీ చేయకపోవడమే కష్టం.
తిప్పితే, తోమిన ఇత్తడి రంగు.

ఒకటి గిన్నెలో పెట్టి ఖాసింబీకి ఇచ్చొచ్చినా.
కొరికి, కండ్లు చిన్నవి చేసి,
"మా పెండ్లిళ్లలో దీని అక్క ఉంటుంది, డబల్ కా మీఠా.
ఇది చెల్లెలు. కడుపుతో ఉంది" అంది.

కనుబొమ్మల మీద బండల దుమ్ముతోనే
కూచున్నాడు మద్దిలేటి.
ఒక తుంట నోట్లో పెట్టుకుని
"ఊరిమిండి లేదా?" అన్నాడు.
నేను చూసిన చూపుకు మళ్లీ అడగలేదు.
వెల్దుర్తి కాడ టైరు పోయిందంట.
చీకట్లో జాకీ జారిందంట, కాలికి జానెడు దూరంలో.
పన్నెండో బెడ్డు ఖాళీ అయింది, అన్నా.
ఇంటికా? అన్నాడు.
ఇంకొంచెం సాసు పోసినా.

తట్ట వేలితో తుడిచి తుడిచి నాకుతుంటే
"నాలుక చూపించు" అన్నా, అలవాటుగా.
చాపినాడు. ఊదా.
నాదీ అంతేనంట.
అరచెయ్యి తిప్పి వెనకతట్టుతో వాని నుదురు తాకినా.
చల్లగా, గరుకుగా ఉంది.
ఎవరికీ జరం లేదు.

కిటికీకి దుప్పటి కట్టినాము.
బయట పన్నెండు. పెనం కడగలేదు.
చీమలు అప్పుడే దోవ వేసుకున్నాయి.