పూడిక

తెల్లారగట్ల నాలుగింటికి
ఎడమ పక్కకి ఒత్తిగిల్లేను. అంతే.
దూలం పరిగెత్తింది, దాని వెనక పెంకులు,
పెంకుల వెనక గోడ మీది కేలండరు.
మంచంపట్టె రెండు చేతులా పట్టుకుని
వరదలో కొట్టుకుపోయేవాడిలా ఉన్నాను
పొడి ఇంట్లో.
అరనిమిషం.
తరవాత ఇల్లు ఎక్కడిదక్కడ నిలబడి
ఏమీ ఎరగనట్టు చూసింది.

ముప్ఫై రెండేళ్లుగా లొల్ల లాకుల మీద లస్కరుని.
తలుపుల కింద నీళ్లు సుళ్లు తిరుగుతుంటే
జానెడు గట్టు మీద నడిచి వెళ్లి
కొలరాయి మీద అంకె చదివి వచ్చేవాణ్ణి,
ఒక చేతిలో గొడుగు, నోట్లో చుట్ట.
ఆ వారం చక్రం తిప్పుతూ పైకి చూసేను.
చక్రం ఆగింది, నేను ఆగలేదు.
"పొద్దున్నే మొదలెట్టేవా త్రిమూర్తులూ" అన్నాడు సూపర్‌వైజరు
నా నోటి దగ్గర ముక్కు పెట్టి.
మా ఆవిడ భాగ్యవతి బీపీ అంది.
బావమరిది గాలి అన్నాడు.
నిమ్మకాయ ఒకటి, మాత్రలు పది.

అమలాపురంలో చెవి డాక్టరు మెహరున్నీసా
నా మాట పూర్తవకుండానే
తల ఎడమకి తిప్పి గభాల్న వెనక్కి పడుకోబెట్టింది.
మళ్లీ వచ్చింది వరద.
"కళ్లు మూయకండి" అంటూ మీదకి వంగి
గేలం వేసినవాడు బెండుని చూసినట్టు చూసింది.
నల్లగుడ్లు టపటపా కొట్టుకున్నాయట.
అదే ఆవిడకి కావలసిన సాక్ష్యం.

చెవి లోపల ఎముకలో మూడు కాలవలట,
విరిగిన గాజు ముక్కల్లా వంపు తిరిగి, ఒక్కోటీ ఒక్కో దిక్కుకి.
నిండా నీరు.
తల తిరిగితే నీరు వెనకబడుతుంది,
వెనకబడ్డ నీరు చివరి మెత్తని తలుపుని నెడుతుంది,
తలుపు వంగితే మెదడుకి కబురు: వీడు తిరుగుతున్నాడు.
"అమ్మా, ఇవి లాకులు కదా!"
"లాకుల సంగతి నాకేం తెలుసండీ" అంది.
అప్పుడు కాసేపు నేను డాక్టర్ని.

కాలవల పక్కన జిగురు పాన్పు.
దాని మీద సున్నపు నలుసులు,
గోదాట్లో నత్త ఏ సరుకుతో గుల్ల కట్టుకుంటుందో
అదే సరుకు.
కింద ఏదో మీద ఏదో వాటి బరువే చెప్పాలి.
వయసుకో, దెబ్బకో, ఊరికేనో
నాలుగు నలుసులు జారి
వెనక కాలవలో పడ్డాయి నాకు.
నేను ఒత్తిగిలితే దొర్లుతాయి, నీటిని లాక్కుపోతాయి.
నేను ఆగినా అది ఆగదు.
నీరు అబద్ధమాడదని
ఎంతమంది రైతులతో దెబ్బలాడేనో!
"మేట వేసింది. పూడిక తీయాలి" అన్నాను.
"అదే చేస్తున్నా. కదలకండి."

తల ఎడమకి వేలాడేసి అరనిమిషం.
కుడికి, అరనిమిషం.
ఇంకా కుడికి, ముక్కు నేలని చూసేదాకా.
మందు లేదు, సూది లేదు.
సీసాలో ఇరుక్కున్న కందిబద్దని
వంచి దొర్లించి మూతి దగ్గరకి తెచ్చినట్టు.
లేచేను. గోడ గోడలా ఉంది.
ఫీజు మూడొందలు.

కాలవలు కట్టేసే నెల వచ్చింది.
నీరు దిగిపోయిన లాకుల అడుగున
చెప్పులు, వినాయకుడి ఇనప ఊచలు,
ఎవరిదో సైకిలు, నడుం లోతు బురద.
పొక్లెయిను తోడి గట్టు మీద పోస్తోంది.
అడుగున నిలబడి తల వెనక్కి వాల్చి
పైనున్న నా గట్టుని చూసేను.
ఏమీ తిరగలేదు.
అయినా చెయ్యి గోడ మీదే ఉంది.

ఇన్నేళ్లూ అక్కడ నన్ను నిలబెట్టింది
ధైర్యం అనుకున్నాను.
చిటికెడు కూడా లేని గుల్లపొడి!
ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ నోరు వాసన చూస్తారు.

ఎడమ పక్కకి ఇంకా పడుకోను.
భాగ్యవతి పడుకునేది అటే.
"వీపు చూసి చూసి విసుగెత్తింది" అంటుంది చీకట్లో.
నలుసులు నిద్రపోయేయేమోనని కాసేపు ఆగి,
తలుపు అంగుళం అంగుళం ఎత్తినట్టు
మెల్లిగా
తిరుగుతాను.