నేలమాళిగలో డ్యూటీ

కాఫీ పిప్పి ఎండబెట్టి చల్లితే
మొరావియా మట్టి రంగే వస్తుంది, కాస్త ముదురుగా.
వ్లస్తా వేలికి జిగురు, జిగురుకి నాచు.
ఊరేసిన దోసకాయల సీసాల పక్కన
కొండ ఇంకా తడారలేదు:
పాత పేపర్లు, సుద్ద, రెండు కోడిగుడ్ల అట్టలు.

సిగ్నల్‌తోనే తంటా.
మినపగింజంత బల్బు, వెంట్రుకంత తీగ;
ఎరుపు వెలుగుతుంది, పచ్చ మొరాయిస్తుంది.
"పచ్చ లేకపోతేనేం, రైలు నీ చేతిలోదేగా?"
పైవాటా పిల్లాడు ఓత్మార్.
కళ్లద్దాల మీంచి చూసింది,
ముప్ఫై ఒక్కేళ్లు లెవెల్ క్రాసింగ్ గేటు వేసిన చూపు.
వాడు మారుమాటాడకుండా స్క్రూడ్రైవర్ అందించాడు.

రాత్రి పదకొండుకి పచ్చ వెలిగింది.
గేటు దగ్గర బొమ్మని నిలబెట్టింది, చేతిలో జెండా,
మొహం రోడ్డువైపు.
రైలుకి దాని దారి తెలుసు,
కాపు కాయాల్సింది రోడ్డుని.
అన్నేళ్లూ కిటికీలన్నీ
వీపు వెనకనుంచే వెళ్లిపోయాయి,
మెడ మీద గాలిగా.

ఇప్పుడు మోకాళ్లు కలుక్కుమంటున్నా వంగి
పట్టాల పక్కన చెంప ఆనించింది.
వస్తోంది.
ఒకటి, రెండు, మూడు పెట్టెలు.
లోపల ఎవరూ లేరు.

రేపు సన్న బ్రష్షు కొనాలి,
మొహాలకి.