నీళ్ళకేం డబ్బులు

కొత్తపేట డాక్టరమ్మ చీటీలో
మందులన్నీ అయ్యాక చివరి వరసలో
పాల టీ వద్దు, గ్రీన్ టీ అని రాసింది.
అప్పట్నుంచీ నా చొక్కా జేబులో
పెన్ను పక్కన ఓ బుల్లి కాగితం సంచి,
దారం బయటికి వేలాడుతూ.

మిర్చి యార్డు గేటు దగ్గర ఖాసింబీ
గ్లాసెడు వేణ్ణీళ్ళు పోసిచ్చి డబ్బులు తీసుకోదు.
"నీళ్ళకేం డబ్బులు గుమస్తాగారూ,
రంగొచ్చాక చూద్దాం."
రంగు రాదు.
తడిసిన గడ్డి వాసన మాత్రం ముందే వస్తుంది.

పక్కన హమాలీ యేసోబు
తన గ్లాసుని ఎండకెత్తి చూసుకుంటాడు.
పాలు పడని నల్ల టీ,
అచ్చం తేజ కాయ రంగు.
పొద్దున్నించీ టిక్కీలు మోసిన వీపు
రెండు గుక్కలకి నిటారవుతుంది.

"రెండూ ఒకే ఆకంట యేసోబూ,
నలిపి గాలికి వదిలేస్తే నీదవుద్దంట,
వదలకపోతే నాది" అన్నాను,
డబ్బా వెనక చదివింది గుర్తొచ్చి.
"పచ్చిమిర్చీ ఎండుమిర్చీ ఒకే చెట్టువి కావేంటండీ?
పచ్చిది బజ్జీకి, ఎండింది కారానికి.
ఏది మంచిదో చెట్టునడిగితే చెబుద్దా?"

"నువ్వేది తాగుతావు ఖాసింబీ?"
"నేనా? టీ మానేసి పన్నెండేళ్ళు.
తాగితే రాత్రి కన్ను మూతపడదు."
అంటూనే ఇంకో ముగ్గురికి వడపోసింది.

ఇవాళ బాడిగ లాట్ విప్పినప్పుడు
ఘాటుకి దగ్గు తెర నన్ను ఒంచేసింది.
నేనడక్కుండానే నా పచ్చ నీళ్ళలో
దంచిన అల్లం పడింది.
ఖాసింబీ చెయ్యి చాపింది.
ఐదు రూపాయలు.

దారం వేలికి చుట్టుకుని
కాటా దగ్గరికి నడిచాను.