నిశానీ

పాత కచేరీ తగలబడ్డప్పుడు
మూడు రోజులు కాలాయట కాగితాలు.
కిర్క్‌మారోలో ఏ పొలం ఎవరిదో
గొర్రెలకి తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోయింది.

అందుకే ఈ భవనం.
కర్రపుల్ల వాడలేదు.
ఇనప తలుపులు, పలకరాతి అరలు, రాతి కమాన్ల కప్పు.
దీపం లోపలికి రాకూడదు,
పొయ్యి మాటే ఎత్తకూడదు.
చలికాలం గుమాస్తాలు
సిరాబుడ్డిని చంకలో పెట్టుకుని కరిగించేవారు.

అంత కాపలా కాస్తే
నిప్పు మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.
వచ్చింది ఏరు.
ఒక ఆగస్టు రాత్రి, ఇనప తలుపు కింద నుంచి,
సొంత ఇంట్లోకి వచ్చినట్టు.

ఎఫీ ప్రింగిల్, రిజిస్ట్రారు కాదు, నేల తుడిచే మనిషి,
ఉన్నిమిల్లు వాళ్ళని తలుపులు బాది లేపింది.
కంబళ్ళు ఆరేసే తాళ్ళ మీద
పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు
నీళ్ళోడుతూ వేలాడాయి.
వారం పాటు ఊరు ఊరంతా తలెత్తి చదువుకుంది,
ఎవరి తాత పెళ్ళైన ఎన్నో నెలలో పుట్టాడో.
ఆరిన పేజీల్లో కొన్ని తిరిగి రాలేదు.
ఎఫీ ఎవరి పేరూ చెప్పలేదు.

ఇవాళ వాకిట్లో వ్యాను.
రికార్డులు ఎడిన్‌బరోకి, గోడలు హోటలుకి.
నేను పుస్తకాలు కుట్టే మనిషిని,
అట్టలు ఊడినవాటికి గుడ్డ చుట్టి అందిస్తున్నాను.
ఇందరి పుట్టుకలు దాచిన ఇంటికి
తన పుట్టుక కాగితం లేదు.
గుమ్మం పైన మాత్రం పదకొండు పేర్లు చెక్కారు,
ఒక్కడూ రాయి మోసినవాడు కాదు.

ఆఖరి అర దించాను.
వెనక గోడ మీద, ఎవరి కంటా పడని చోట
ఉలితో మూడు గీతలు:
కర్రు విరిగిన నాగలిలా.

ఎక్కడో చూశానే!

సర్దిన పెట్టె మళ్ళీ విప్పాను.
పెళ్ళిళ్ళ పుస్తకం, బురద మరకల పేజీ.
ఎబెనెజర్ గౌడీ, రాతిపని.
చేవ్రాలు రాదు. నిశానీ:
అవే మూడు గీతలు.
కలం పట్టిన చెయ్యి వణికింది, సిరా చిమ్మింది,
మూడోది పెళ్ళికూతురి పేరు మీదకి జారింది.
రాతి మీద మాత్రం
ఒక్క దెబ్బ తప్పలేదు.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.
పంపిన వస్తువుల జాబితాలో
చివరి వరుస ఖాళీగా ఉంటే రాశాను:
"గోడ, ఒకటి. సంతకం ఉంది.
పంపడానికి వీలు పడలేదు."