మొగోడి తూకం

లారీ ఎనక తలుపు దించితే సాలు
మేస్త్రీ నోట ఒకటే మాట:
"మొగోడివి కాదేట్రా బైరాగీ?"
ఎనభై కేజీల పిక్కల బస్తా
ఆ మాట మీదే లేత్తాది నా మెడ మీదికి.
పద్నాలుగేళ్లై మోత్తన్నాను కాశీబుగ్గలో.
బస్తా దింపితే దిగుతాది.
మాట దిగదు.

పక్క షెడ్డులో తవిటమ్మ.
కాలి కింద పెడలు, సేతిలో సూది,
పిక్కకొక టక్కు.
ఆముదం రాసుకున్నా ఆగదు జీడి సొన,
ఏళ్లు కాల్చిన వంకాయి తొక్కల్లాగ ఉంటాయి.
శనివారం బట్వాడా కాడ
అదే మేస్త్రీ, అదే నోరు:
"ఆడకూతురివి, నీకెందుకే అంత?
ఇంట్లో మొగోడు తేడేటి?"

ఆ మొగోణ్ణి నానే.
గోడ కాడ నిలబడి బీడీ ఎలిగించుకుంతన్నాను.

ఒక మాటతో నా నడుం ఒంచీసినాడు,
ఇంకో మాటతో దాని కూలి కోసీసినాడు.
ఇది నా బుర్రకెక్కడానికి పద్నాలుగేళ్లు పట్టినాది.
తవిటమ్మకి మొదటి శనివారమే తెలుసునట.
"మరి సెప్పనేదేటే?"
"నువ్వు మొగోడివి కదా," అన్నాది అంబలి కలుపుతూ,
"ఇంతావనుకోనేదు."

దసరాకి ఆయుధపూజ నాడు సావుకారి బార్య వచ్చినాది.
ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుని
షెడ్డంతా సూసి, పక్కనున్నామెతో అన్నాది:
"పాపం, వీళ్ల మగాళ్లు తాగి కొడతారంట."
గుమ్మడికాయ పట్టుకుని నాను అక్కడే ఉన్నాను.
తాగుతాను.
కొట్టినాను కూడా, ఒక్కసారి.
బాయిలరు ఆవిరికి మోసెయ్యి తోలూడితే
సగం కూలి సేతిలో ఎట్టి పంపీసిన రాత్రి.
కొట్టాల్సిన మొకం ఏసీ గదిలో ఉంది,
తవిటమ్మ మొకం దగ్గిర్లో ఉంది.
అది సాకు కాదు. తెలుసు.

సావుకారి సెయ్యెత్తడు.
గొంతూ ఎత్తడు.
నూటేబై మంది ఆడోళ్ల ఏలిముద్రలు
సప్పుడు నేకుండా తినీసినాడు.
రేషను మిషను మీద తవిటమ్మ ఏలెడితే
ఎర్ర లైటు.
తుడుసుకుని మళ్లీ ఎడితే మళ్లీ ఎర్ర లైటు.
నాను ఎట్టినాను. అదీ ఎర్రే.
మిషనుకి ఆడా మొగా తేడా తెల్దు.

ఆ కారామె గురించి డ్రైవరు అప్పన్న సెప్పినాడు:
ఏ కొట్టు కాడ దిగినా
ఈడు సావుకారికి ఫోను సెయ్యాలట,
ఆవిడ ముందరే.
అది ఇన్నాక ఆమె మీద కోపం సగం సచ్చింది.
మిగతా సగం దాసుకున్నాను,
ఎప్పుడో పనికొస్తాది.

ముసురు నెల.
లారీల్లేవు, బాయిలరు సల్లారిపోనాది.
మోతోళ్లకి పని నేదన్నారు.
నాను ఎల్లి తవిటమ్మ పక్కన కూకున్నాను.
షెడ్డంతా నవ్వినాది.
"గాజులు తెమ్మంతావేట్రా!" అని
బయట నుంచి నాతోటి మోతోళ్ల కేకలు.
వంద పిక్కలు కోస్తే అరవై ముక్కలు.
ముక్కలకి రేటు కోత.
సాయంత్రానికి బొటనేలు బొబ్బ, కాలు తిమ్మిరి.
లారీలు లారీలు దింపిన నడుం
పొద్దల్లా కూకోలేకపోనాది.

శనివారం.
మేస్త్రీ నాకేసి సూసినాడు.
మొగోడివి అనాలో
ఆడకూతురివి అనాలో
తోచక, తెరిసిన నోరు మూసీసినాడు.
రేటు మాత్రం తడబడనేదు.
తవిటమ్మ రేటే ఎట్టినాడు నా సేతిలో.

లెక్కెట్టుకున్నాను.
మండుతున్న ఏలికి ఉమ్ము తడి సేసుకుని
మళ్లీ లెక్కెట్టుకున్నాను.

తవిటమ్మ లెక్కెట్టుకోనేదు.
సంచి దులిపి సంకనెట్టుకుని
"పద, డిపో మూసేత్తారు," అన్నాది.